వెనక్కి తెరుచుకునే తలుపు

"నేనే చంపాను. ఇంకెన్నిసార్లు చెప్పాలండీ?"

నందిగామ పోలీసుస్టేషను లాకప్పులో గోడకి జారగిలబడి కూర్చున్న బుల్లిబాబు తల ఎత్తకుండానే అన్నాడు. మూడు రోజులుగా గడ్డం చేసుకోలేదు. ముందు పెట్టిన అన్నం పళ్ళెం పెట్టినట్టే ఉంది.

డిటెక్టివ్ ప్రేమానందం ఊచల ఇవతల స్టూలు లాక్కుని కూర్చున్నాడు. యుద్ధం రోజుల్లో మిలటరీ మోటారు డిపోలో పనిచేసి, తర్వాత బెజవాడలో ప్రైవేట్ డిటెక్టివుగా స్థిరపడ్డ మనిషి. నేరం ఒప్పుకోనివాళ్ళతో ఆయనకి అలవాటే. ఇంత ఆత్రంగా ఒప్పుకునేవాణ్ణి చూడటం మాత్రం ఇదే మొదలు.

జరిగినట్టు పైకి కనపడేది ఇంతే. మంగళవారం మధ్యాహ్నం, నవాబుపేట దాటాక వచ్చే మలుపులో, మైలురాయి పక్కన జయమణి శవం దొరికింది. నందిగామ మిషన్ స్కూల్లో పంతులమ్మ. ఎర్ర రేసు కారు ఒకటి దుమ్ము లేపుకుంటూ జగ్గయ్యపేట వైపు పోయిందని దూరం నుంచి చూసిన బండివాడు చెప్పాడు. ఆ చుట్టుపక్కల ఎర్ర రేసు కార్లు రెండే. పాతది జగ్గయ్యపేట సున్నపురాయి క్వారీల యజమాని వీరరాఘవయ్యది. కొత్తది ఆయన ఒక్కగానొక్క కొడుకు బుల్లిబాబుది. మర్నాడు పొద్దున్నే బుల్లిబాబు తనంతట తనే స్టేషనుకొచ్చి లొంగిపోయాడు. కొడుకుని విడిపించమని వీరరాఘవయ్య ప్రేమానందాన్ని పిలిపించాడు.

"ఏ కారుతో కొట్టావు బాబూ?"

"నాదే. కొత్తదాంతో."

"కారులో ఏ భాగం తగిలింది?"

"ఎడం పక్క దీపం. పగిలిపోయింది కూడా. పోయి చూసుకోండి."

"ఆ అమ్మాయికి ఎక్కడ తగిలింది?"

బుల్లిబాబు అన్నం పళ్ళెం పక్కకి నెట్టాడు. "కాళ్ళకి అనుకుంటా."

ప్రేమానందం అప్పటికే ఆస్పత్రిలో డాక్టరుని కలిసి వచ్చాడు. ఎడమ భుజం కొట్టుకుపోయింది. ఎడమ అరచెయ్యి చీరుకుపోయింది. తల మైలురాయికి తగిలి ప్రాణం పోయింది. కాళ్ళ మీద గీత కూడా లేదు.

"ఆమెని పెళ్ళి చేసుకోవాలనుకున్నావు కదా. ఎందుకు చంపుతావు?"

"మీకెందుకండీ? ఉరి తియ్యమని చెప్పండి. తొందరగా తియ్యమనండి!" అని బుల్లిబాబు మోకాళ్ళలో మొహం దాచుకుని ఏడ్చాడు.

ఆ ఏడుపు చూస్తే ప్రేమానందానికి ఎటూ తేలలేదు. ఈ కుర్రాడు ఆ మలుపులో లేడు, అది ఖాయం. కానీ ఈ ఏడుపు అబద్ధమాడేవాడిది కాదు.

వరండాలో ఎస్సై భవానీప్రసాద్ సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు. "అయిందా డిటెక్టివుగారూ? చచ్చిపోయింది మీ చర్చికి పోయే పిల్ల. మీరేమో చంపినవాడి తరఫున వచ్చారు. సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెడుతున్నా. కేసు అయిపోయింది."

"చంపినవాడెవడో తెలిస్తే కదండీ వాడి తరఫునో కాదో తేలేది. మీరు కారు చూశారా?"

"అంగుళం అంగుళం చూశా."

"అయితే ఇంకోసారి కలిసి చూద్దాం పదండి."

మెట్ల పక్కన జయమణి తండ్రి స్తెఫను నిలబడి ఉన్నాడు. రిటైరైన బడి పంతులు, ఇల్లు నవాబుపేట అవతల. కూతురి గొడుగు చంకలో పెట్టుకుని, ఎవరేం చెబుతారా అని మూడు రోజులుగా అక్కడే తచ్చాడుతున్నాడు. ప్రేమానందాన్ని చూసి చేతులు జోడించాడు.

"లొంగిపోయిన రోజు ఆ అబ్బాయి నా కాళ్ళ మీద పడ్డాడండి. లెమ్మని అనాలో తన్నాలో తెలీలా. అట్టా నిలబడే ఉండిపోయా."

ప్రేమానందం ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

*

జగ్గయ్యపేటలో వీరరాఘవయ్య ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో రెండు కార్లూ పక్కపక్కన ఉన్నాయి. తలుపు తీసిన డ్రైవరు అయూబ్ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. బుల్లిబాబుని చిన్నప్పుడు భుజాల మీద మోసిన మనిషి.

ఒకే కంపెనీ చేసిన కార్లే అయినా తాతా మనవళ్ళలా ఉన్నాయి. పాతది ఎత్తుగా, నిటారుగా ఉంది. చక్రాలు సన్నగా పొడుగ్గా, సైకిలు చక్రాల్లా ఊచలతో ఉన్నాయి. దీపాలు రెండూ కళ్ళు బయటికి పెట్టినట్టు విడిగా నిలబడ్డాయి. తెల్లదొర ఒకడు దేశం వదిలి పోతూ అమ్మితే వీరరాఘవయ్య కొన్నాడు. కొత్తది చేపలా నున్నగా, నేలకి కరుచుకుపోయినట్టుంది. దాని దీపాలు మడ్‌గార్డుల్లోకి ఒదిగిపోయాయి. ఎడమ పక్క దీపం పగిలి, రేకు లోపలికి నొక్కుకుపోయింది.

"అదిగో, కనపడుతోంది కదా?" అన్నాడు ఎస్సై.

"లోపల కూడా చూశారా?"

"చూశానన్నానుగా!"

"ఏదీ, తలుపు తియ్యండి."

భవానీప్రసాద్ తలుపు మీద చెయ్యి పెట్టాడు. పిడి కోసం అటూ ఇటూ తడిమాడు. ఆ కారు తలుపుకి బయట పిడే లేదు. ప్రేమానందం చెయ్యి లోపలికి పెట్టి తీగె లాగితే తలుపు టక్కున తెరుచుకుంది. ఎస్సై మొహం ఎర్రబడింది.

"దీని ముక్కు ఎంత ఎత్తుందో చూడండి. మోకాలు దాటదు. ఇది మనిషిని కొడితే ముందు కాళ్ళు విరగాలి. ఆ అమ్మాయి కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. రోడ్డు మీద మీకు గాజుపెంకులు దొరికాయా?"

"ఎవరో ఏరేసి ఉంటారు."

"ఎవరూ ఏరలేదు. ఇక్కడున్నాయి." ప్రేమానందం షెడ్డు మూలకి నడిచి, రాతి స్తంభం మొదట్లో దుమ్ముని చెప్పుతో కదిపాడు. గాజుముక్కలు మెరిశాయి. స్తంభం మీద మోకాలి ఎత్తున ఎర్ర రంగు గీసుకుని ఉంది. "ఈ కారు దెబ్బ తిన్నది ఈ స్తంభానికి. బాబే తెచ్చి గుద్దాడు."

"ఉరికంబం ఎక్కడానికి ఎవడన్నా ఇంత కష్టపడతాడా?"

ప్రేమానందం పాత కారు ఎడమ వైపుకి వెళ్ళాడు. ఆ తలుపు తీసి, మూసి, మళ్ళీ తీశాడు. డిపోలో ఇలాంటి తలుపులు కొన్ని చూశాడు. కొత్త కారు తలుపుకి కీళ్ళు ముందు వైపున ఉన్నాయి. కారు పోతుండగా పొరపాటున గడియ ఊడినా ఎదురుగాలే దాన్ని మూసి పెడుతుంది. పాత కారు తలుపుకి కీళ్ళు వెనక ఉన్నాయి. గడియ ఊడిందా, గాలి దాన్ని పట్టుకుని వెనక్కి విసిరికొడుతుంది. ఆ మలుపు కుడిచేతి మలుపు. ఎడమ సీటులో కూర్చున్న మనిషి బరువంతా తలుపు మీదే పడుతుంది.

వెనక కీలులో నలిగిపోయిన నీలం అంచు పోగులు చిక్కుకుని ఉన్నాయి. జయమణి ఒంటి మీది చీర తెల్లది, నీలం అంచుది.

"ఆమెని ఏ కారూ కొట్టలేదు ఎస్సైగారూ. ఈ కారులోంచి పడిపోయింది."

అయూబ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "యా అల్లా! ఈ కారులోనా?"

ప్రేమానందం గడియ నాలికని వేలితో తడిమాడు. ఇత్తడి నాలిక. పైనంతా కిలుం పట్టి నల్లగా ఉంది. కొస మాత్రం బంగారంలా మెరుస్తోంది. సగానికి పైగా ఎవరో ఆకురాయితో అరగదీశారు. మామూలు రోడ్డు మీద ఆగుతుంది. గట్టిగా ఒరిగితే ఆగదు.

ఎస్సై వంగి చూశాడు. మరుక్షణం అయూబ్ మెడ మీద చెయ్యి పడింది. "ఈ కారు మీద చెయ్యి వేసేది నువ్వే కదరా! ఎవడు అరగదియ్యమన్నాడు? చెప్పు!"

"నాకేం తెలీదు సార్! మంగళవారం మా కూతురు హసన్‌బీకి జరమొస్తే అయ్యగారే ఇంటికి పొమ్మన్నారు. నేను కారు ముట్టుకోలా!"

"ఆగండి ఎస్సైగారూ. ఆకురాయి దొరకనివ్వండి."

"స్టేషనులో నాలుగు తగిలిస్తే అదే దొరుకుద్ది. మీ కార్ల పాఠం అయిందిగా, ఇక నా పని నన్ను చేసుకోనివ్వండి." భవానీప్రసాద్ అయూబ్‌ని ఈడ్చుకుపోయి జీపెక్కించాడు.

జీపు చప్పుడు దూరమయ్యాక ప్రేమానందం కొత్త కారు సీటు కింద చెయ్యి పెట్టాడు. పనిముట్ల సంచీ తగిలింది. విప్పాడు. స్పానర్ల మధ్య ఆకురాయి ఉంది. దాని పళ్ళలో పచ్చగా ఇత్తడి పొడి. ఆ సంచీలోని పనిముట్ల మీదంతా ఒకే రకం ముద్ర. కారుతో పాటు వచ్చినవవి.

ఆకురాయినీ, కీలులోని నీలం పోగుల్నీ రుమాల్లో చుట్టుకుని ఇంటి వైపు నడిచాడు.

*

వీరరాఘవయ్య నట్టింట్లో పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా చనిపోయిన భార్య ఫోటో. నీలం పోగులు చూపించగానే ఆయన అబద్ధమాడే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"ఆ పిల్లని నేనే ఎక్కించుకున్నానయ్యా."

"ఈ ముక్క నన్ను పిలిపించిన రోజే ఎందుకు చెప్పలేదు?"

"భయం. సిగ్గు. ఏదనుకుంటే అది." ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. "వాడు నాతో మాట్లాడి మూడు నెలలైంది. మన కులం కాదు, మతం కాదు, ఆ పిల్ల నా గడప తొక్కితే నేను చచ్చినట్టేనని బజార్లో నలుగురి ముందూ అరిచా. వాడు అన్నం మానేశాడు. మంగళవారం క్వారీకని బయలుదేరా. అయూబ్ లేడు, నేనే తోలుకుంటున్నా. చిల్లకల్లు వచ్చేసరికి మనసు మారింది. అసలు ఆ పిల్ల ఎట్టాంటిదో చూద్దామని నందిగామ పోయా. బళ్ళోంచి వచ్చింది, చేతులకి సుద్ద పొడి. నన్ను చూసి భయపడలా. ఎండలో వచ్చారు, మంచినీళ్ళు తాగండి అంది."

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని ముందుకి వంగాడు.

"మా ఇంటికి వస్తావా అమ్మా అన్నా. మా నాన్నని అడగాలండీ అంది. అడగాల్సింది నువ్వు కాదు, నేను, పద మీ నాన్న దగ్గరికే పోదాం అన్నా. ఎడం పక్కన కూర్చోబెట్టుకున్నా. దారంతా జుట్టు పట్టుకుని నవ్వుతానే ఉంది. దీనికి కప్పు లేదేంటండీ మావయ్యగారూ అంది. మావయ్యగారూ అంది! అప్పుడే మలుపొచ్చింది. తలుపు ధడేలుమంది. పక్కకి చూసేసరికి సీటు ఖాళీ."

"ఆపలేదా?"

"ఆపా. తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. ఊపిరి లేదు. ఎక్కడో బండి చప్పుడైంది. గడప తొక్కనివ్వనని అరిచినవాణ్ణి, పెళ్ళికి అడగడానికి తీసుకుపోతున్నానంటే ఎవడు నమ్ముతాడు? రాయి పక్కన పడుకోబెట్టి పారిపోయొచ్చా. తెల్లారేసరికి వాడు పోయి లొంగిపోయాడు. నన్ను కాపాడటానికే అనుకున్నా."

"రాఘవయ్యగారూ, మామూలు రోజుల్లో ఆ ఎడమ సీటులో ఎవరు కూర్చుంటారు?"

"నేనే. అయూబ్ తోలతాడు, నేను..." ఆయన సగంలో ఆగిపోయాడు.

ప్రేమానందం ఆకురాయి తీసి బల్ల మీద పెట్టాడు. వీరరాఘవయ్య దాని పిడి మీద ముద్ర చూశాడు. ఎక్కడిదని అడగలేదు.

"నన్నా? వాడు నన్నా?"

"ఆ రాత్రి కీలులో పోగులు బాబు కూడా చూసుంటాడు. అందుకే శిక్ష తనకే పడాలని తన కారు స్తంభానికి గుద్దుకున్నాడు. నేనే చంపానంటే మనం అబద్ధమనుకున్నాం. ఎలా చంపాడన్నది ఒక్కటే అబద్ధమండీ."

ముసలాయన భార్య ఫోటో వైపు తిరిగాడు. ఏడవలేదు. "ఆ పిల్లని ఎందుకు తీసుకొస్తున్నానో వాడికి తెలుసా?"

"తెలియదు."

"తెలిస్తే బతకడు," అంటూ లేచాడు. "పద బాబూ. అయూబ్‌ని కొడుతుంటారు."

ప్రేమానందం కొత్త కారు తీశాడు. కొడుకు కారు ఎక్కడం వీరరాఘవయ్యకి అదే మొదటిసారి. నందిగామ చేరేదాకా ఆయన తలుపు అంచు పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

*

స్టేషను మెట్లెక్కుతుండగానే బుల్లిబాబు కేకలు వినపడ్డాయి. ఊచలు పట్టుకుని ఊపేస్తున్నాడు.

"అయూబ్‌ని వదలండి! గడియ అరగదీసింది నేను! నేనని చెబుతున్నానుగా!"

భవానీప్రసాద్ చేతిలో లాఠీ గాల్లోనే ఆగింది. నేల మీద కూర్చున్న అయూబ్ పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. గుమ్మం దగ్గర స్తెఫను స్తంభించిపోయి నిలబడ్డాడు.

"ఎందుకు అరగదీశావు?"

బుల్లిబాబు తండ్రిని చూశాడు. చూపు దించుకోలేదు. "ఈయన కోసం. ఆదివారం కోపంలో చేశా. కోపం తగ్గాక భయమేసింది. మంగళవారం బాగుచేద్దామని పోతే కారు లేదు. అయూబ్ ఇంటికాడ ఉన్నాడని తెలిసి ప్రాణం లేచొచ్చింది నాన్నా. మీరే తోలుతున్నారు, కుడి పక్కన ఉంటారు, ఏం కాదులే అనుకున్నా." అతను ఊచల మీద నుదురు ఆనించాడు. "జయ ఎందుకుంది ఆ సీట్లో? అదొక్కటి చెప్పండి. ఇంకేం అడగను."

వీరరాఘవయ్య ఊచల దగ్గరికి నడిచాడు. కొడుకుని చూశాడు. తాకడానికన్నట్టు లేచిన చెయ్యి దించేసుకున్నాడు.

"ఎందుకేంట్రా?" అన్నాడు. బజార్లో అరిచిన గొంతే అది. "నీ కంట పడకుండా ఎక్కడో దూరంగా వదిలేసి రావడానికి ఎక్కించా. వాళ్ళ నాన్నకి ఒంట్లో బాలేదని అబద్ధం చెప్పి ఎక్కించా. దారిలో పెనుగులాడింది. తలుపు తీసి తోసేశా. నీ గడియా లేదు, గాడిదగుడ్డూ లేదు. చంపింది నేను."

బుల్లిబాబు ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. తర్వాత ఊచల్లోంచి రెండు చేతులూ సాచి తండ్రి గొంతు అందుకోబోయాడు. "మనిషివేనా నువ్వు! బయటికొచ్చి నిన్ను... నేను చావను! నిన్ను ఉరి తీసేదాకా చావను!"

మూడు రోజులుగా చావు కోసం ఎదురు చూసిన ఆ మొహంలోకి నెత్తురు పొంగింది. వీరరాఘవయ్య అది చూసి, తృప్తిగా, ఎస్సై వైపు తిరిగి రెండు చేతులూ ముందుకి చాపాడు.

"కాయితం తీసి రాసుకోండి."

"ఏమంటారు డిటెక్టివుగారూ?" భవానీప్రసాద్ గొంతులో మొదటిసారి వెటకారం లేదు. "నమ్మమంటారా?"

వీరరాఘవయ్య ప్రేమానందాన్ని చూశాడు. చూపుతోనే చేతులు పట్టుకున్నాడు.

ప్రేమానందం ఇన్నేళ్ళలో తెలిసిన నిజాన్ని ఎప్పుడూ మింగలేదు. ఇప్పుడు నోరు తెరిచాడు, ఊచల వెనక కుర్రాణ్ణి చూశాడు, మూసుకున్నాడు. గుమ్మంలో వణుకుతున్న స్తెఫనుని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయాడు. బిడ్డని పోగొట్టుకున్న మనిషికి అబద్ధం మిగల్చడం తన వల్ల కాదు. రోడ్డవతల, చర్చి గోడ పక్కన నిలబెట్టి అంతా చెప్పాడు. మంచినీళ్ళ దగ్గర్నించి మలుపు దాకా, ఏదీ దాచకుండా చెప్పాడు.

స్తెఫను గొడుగుని రెండు చేతులతో పట్టుకుని విన్నాడు. "మా ఇంటికే వస్తున్నారా? పిల్లనడగడానికి?"

"అవునండి."

"నవ్విందా?"

"దారంతా నవ్విందట."

స్తెఫను గోడకి ఆనుకుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. "ఆ అబ్బాయికి చెప్పకండయ్యా. వాడు బతకడు. మా జయమణి కూడా ఒప్పుకోదు." కాస్త ఆగి, స్టేషను వైపు చూశాడు. వీరరాఘవయ్యని మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకుపోవడానికి చేతికి బేడీలతో జీపెక్కిస్తున్నారు. లోపల్నించి కొడుకు తిట్లు రోడ్డు దాకా వినపడుతున్నాయి.

"మరి ఆ పెద్దాయన్ని ఉరి ఎట్టా తప్పిస్తారండీ?"

తండ్రిని బతికించాలంటే కోర్టులో నిజం చెప్పాలి. కోర్టులో చెప్పింది కొడుకు వింటాడు. ప్రేమానందం జీపు మలుపు తిరిగేదాకా చూస్తూనే నిలబడ్డాడు. స్తెఫను జవాబు కోసం ఎదురు చూస్తున్నాడు.